గంట అబద్ధమాడినచో



కోలారు బంగారు గనులలో ఒకటియైన చాంపియన్ రీఫ్స్ గనిలో పనిచేసిన కుటుంబములవారికి వైండింగ్ ఇంజను గది ఎట్టిదో నేను వర్ణించి చెప్పనక్కరలేదు. కాని కోలారు జిల్లాకు వెలుపల ఈ ప్రసంగమును వినుచున్నవారి కొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. షాఫ్టు ముఖమునకు కొంచెము ఎడముగా, గోడల నడుమ, పెద్ద డ్రమ్ముమీద ఉక్కుతాడు చుట్టుకొనుచు, విప్పుకొనుచు ఉండగా, దాని యెదుట ఒక మనిషి కూర్చుండియుండును. ఆ త్రాటి చివర వ్రేలాడు బోనులో మనుష్యులున్నారో రాతిముక్కలున్నవో, దాని తలుపు వేసినారో లేదో, ఆతని కంటికి కనిపింపదు. ఆతనికి తెలిసినవెల్ల రెండే: ఎదుటనున్న లోతుసూచి ముల్లు, క్రిందినుండి మ్రోగెడు గంట. ఎన్ని మ్రోతలకు దింపుమని అర్థమో, ఎన్నింటికి ఎత్తుమని అర్థమో, ఎన్నింటికి మనుష్యులెక్కినారు జాగ్రత్త యని అర్థమో బోర్డుమీద వ్రాసి గోడకు తగిలించియుండును. సుమారు 3,200 మీటర్ల లోతువరకు త్రవ్వబడిన ఈ గనిలో, ఒక బోను దిగి మరియొక బోను ఎక్కి, శిల వేడిమి 60 డిగ్రీలు దాటిన చోటులకు పోయి పనిచేసిన వేలకొలది జనుల ప్రాణములు, ఆ గంట నిజమే పలుకుననెడి విశ్వాసము మీద నిలిచియుండెడివి. యంత్రము చెడినచో బోను ఆగును, ఆగినదని అందరికిని తెలియును, ఫిట్టరు వచ్చును. గంట అబద్ధమాడినచో మాత్రము, ఏమియు చెడినట్లు కనబడకయే, మిక్కిలి సమర్థుడైన డ్రైవరు తన చేతితోడనే తన తోడివారిని చంపును.

నేటి ప్రసంగమునకు విషయము సైబరు యుద్ధమును, పరరాజ్యములలోని ప్రభుత్వములను కూలద్రోయుటకు దానిని సాధనముగా వాడుకొను ప్రయత్నములును. ఇది మహానగరములలో, రక్షణశాఖ కార్యాలయములలో చర్చింపదగిన విషయముగాని, మూతపడిన గనుల నడుమ, సైనైడు దిబ్బల ధూళిలో కూర్చుండి మాటలాడదగినది కాదని కొందరికి తోచవచ్చును. నేనట్లు తలపను. పరుల చేతిలోనున్న మీటమీద, పరులు పంపిన వార్తమీద బ్రతుకు ఆధారపడుట అన ఏమో ఈ ఊరు ఎరిగినంత కాలముగా ఎరిగిన ఊళ్లు మన దేశమున బహు స్వల్పము.

1902లో కావేరీ నదిమీద శివసముద్రమున పుట్టిన విద్యుచ్ఛక్తి, 92 మైళ్ల పొడవున కొండలు, అడవులు, పొలములు దాటి, మొట్టమొదట చేరినది బెంగళూరు నగరమునకు కాదు, కోలారు గనులకు. ఆ కాలమున ప్రపంచములోని మిక్కిలి పొడవైన విద్యుత్తంత్రులలో అదియొకటి. రాయి దంచెడి మిల్లులు, గాలిని పంపు కంప్రెసర్లు, నీరు తోడు పంపులు క్రమముగా ఆ కరెంటుమీదికే వచ్చినవి. అనగా, మైలు లోతున సుత్తి పట్టిన కూలివాని ఊపిరి, వాడు ఎన్నడును చూడని ఒక జలపాతము చెంత, వాడు ఎన్నడును ఎరుగని ఒక ఉద్యోగి చేతిక్రింద నుండెను. పంపు ఆగినచో ఏమగునో తెలిసికొనగోరువారు ఇప్పుడు ఏ షాఫ్టులోనికైనను తొంగిచూడవచ్చును: 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడి, పంపులు నిలిచిన పిదప, నూరేండ్లకు పైబడి మనుష్యులు తొలిచిన ఆ సొరంగములలో నీరు నిండిపోయినది.

ఇక విషయమునకు వత్తును. సైబరు యుద్ధమనగానే మనకు తోచునది, శత్రువు ఎక్కడనో కూర్చుండి మన దీపములు ఆర్పివేయుట, మన బ్యాంకులు మూయించుట. ఇది అసత్యము కాదు. కాని ఇందులో భయంకరమైన భాగము ఇది కాదని నా అభిప్రాయము. ఆర్పిన దీపము ఆరినదని మనకు తెలియును. యంత్రముచేత యజమానికి అబద్ధము చెప్పించుట, వార్తచేత ప్రజలకు అబద్ధము చెప్పించుట, గూఢచారిచేత రాజునకు అబద్ధము చెప్పించుట, ఇవి మూడును ఒకే విద్య. ఈ విద్య కంప్యూటరుతో పుట్టినదియు కాదు. దీనిలో ఆరితేరిన ఒకానొక మహాశక్తిమంతుడు జన్మించిన గ్రామము ఇక్కడికి అనతిదూరముననే యున్నది.

బంగారుపేట తాలూకాలోని బూదికోటలో పుట్టి, కోలారు పట్టణములో తండ్రి ఫతే మహమ్మదు సమాధి గల హైదరాలీని గూర్చి నేను చెప్పుచున్నాను. 1760లో, శ్రీరంగపట్టణమున ఆతని పెంపును సహింపలేని రాజభవనమువారును, ఆతనిచేతనే పైకి తేబడిన కార్యదర్శి ఖండేరావును ఏకమై, ఒక దినమున అకస్మాత్తుగా ఆతనిమీద ఫిరంగులు పేల్చగా, హైదరు కొలదిమందితో బెంగళూరునకు పారిపోవలసివచ్చెను. పిమ్మట జరిగిన పోరులో ఓడి, సైన్యము చాలక, తానే మున్ను పదవినుండి తొలగింపజేసిన వృద్ధమంత్రి నంజరాజు కాళ్లమీద పడి, ఆతని పేరును, ఆతని ముద్రను సంపాదించెను. ఆ తరువాతి కథను మార్క్ విల్క్స్ అను బ్రిటిషు సైనికాధికారి తన దక్షిణదేశ చరిత్రలో వ్రాసియున్నాడు. హైదరు కొన్ని ఉత్తరములు సృష్టించెను. అవి ఖండేరావు సైన్యములోని ముఖ్యనాయకులకు నంజరాజు వ్రాసినట్లుండును. 'మీరు ఒప్పుకొన్న ప్రకారము ఖండేరావును పట్టి అప్పగింపుడు, మీ బహుమానము సిద్ధముగానున్నది' అని వానిలోని భావము. ఆ నాయకులు ఏమియు ఒప్పుకొనలేదు. వారికి ఈ సంగతియే తెలియదు. ఉత్తరము వారికి చేరవలెననియు హైదరునకు లేదు. అది దారిలో పట్టుబడవలెను, ఖండేరావు దానిని చదువవలెను, అంతే. చదివిన ఖండేరావు తన గుడారములన్నింటిలోను ద్రోహులే నిండియున్నారని నమ్మి, ఒక్కమాట యెవరినైనను అడుగక, గుఱ్ఱమెక్కి పారిపోయెను. నాయకుడు లేని సైన్యము చెదరెను. 1761లో మైసూరు రాజ్యాధికారము హైదరు హస్తగతమయ్యెను. ఖండేరావును తనకు అప్పగించునప్పుడు వానిని ప్రాణముతో నుంచవలెనని అంతఃపురస్త్రీలు వేడుకొనగా, చిలుకవలె పెంచెదనని మాట ఇచ్చి, ఇనుప పంజరములో పెట్టి పాలన్నము పెట్టించెనట.  నాకు మాత్రము ఆ పంజరము కంటె ఆ ఉత్తరమే ఎక్కువ భయము గొలుపుచున్నది.

ఈ వృత్తాంతములో మనము గమనింపవలసినదేమనగా, ఆ కూటలేఖ ఒక్క సిపాయినైనను చంపలేదు, ఒక్క కోటగోడనైనను పగులగొట్టలేదు. ఖండేరావునకు తన మనుష్యులమీద మునుపే లోలోపల ఉన్న అనుమానమునకు అది ఒక సాక్ష్యము కల్పించి ఇచ్చినది. నిజముగా ఐకమత్యముతో నున్న సైన్యములో ఆ ఉత్తరము నవ్వులపాలై యుండెడిది. కూలద్రోయువాని నేర్పు సగము, కూలువాని లోపలి పుచ్చు సగము. ఈ లెక్క ఇరువదవ శతాబ్దమున కూడ మారలేదు.

1951లో ఇరాను దేశపు నూనెబావులను జాతీయము చేసిన ప్రధాని మొసద్దెగ్‌ను 1953 ఆగస్టు 19న పదవీచ్యుతుని చేసిన కుట్రలో, డబ్బు పుచ్చుకొన్న పత్రికలు, కూలికి తెచ్చిన గుంపులు, చివరకు టెహరాను రేడియో, అన్నియు పాత్ర వహించినవి. అందులో తమ హస్తమున్నదని అమెరికా గూఢచారిశాఖ 2013లో వెలువడిన తన పత్రములలోనే ఒప్పుకొన్నది. ఇరాను కుట్రకు మరుసటి సంవత్సరము గ్వాటెమాలాలో జరిగినది, రేడియోలో మాటలాడుచున్న నాబోటివాడు సిగ్గుతో చెప్పవలసిన కథ. 'విమోచన వాణి' యను అర్థము గల పేరుతో అదే శాఖ నడిపిన ఒక ఆకాశవాణి 1954 మే 1న ప్రసారములు మొదలుపెట్టి, తాము ఆ దేశపు అడవులలోనుండియే మాటలాడుచున్నామని చెప్పుచు, లేని సైన్యములు కదలుచున్నట్లును, జరుగని యుద్ధములలో ప్రభుత్వము ఓడుచున్నట్లును దినదినమును వినిపించెను. నిజమునకు ఆ మాటలలో పెక్కు మయామీ నగరమున రికార్డు చేసినవే. సరిహద్దు దాటివచ్చిన తిరుగుబాటుదారులు కొన్ని వందలమందియే. అయినను దేశపు సేనాధిపతులు యుద్ధము చేయమని మొరాయించిరి. జూను 27న అధ్యక్షుడు ఆర్బెంజ్ రాజీనామా చేసెను. గంట అబద్ధమాడినది, డ్రైవరు బ్రేకు వదలినాడు.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. చాంపియన్ రీఫ్స్ గనిలో 1960ల నడుమ టాటా పరిశోధనాసంస్థవారు, జపాను, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులతో గూడి, ఆకాశమునుండి కురియు కిరణముల సందడి సోకకుండ, 2 కిలోమీటర్లకు మించిన శిల అడుగున పరికరములమర్చి, 1965లో వాతావరణమున పుట్టు న్యూట్రినోల జాడ కనుగొనిరి. అంతటి శిల అడ్డుండగా పైనుండి ఏ ఉపద్రవము రాగలదు? ఇరానువారును ఇట్లే ఆలోచించి, నతాంజ్ అనుచోట భూమిలోపల హాలులు కట్టి, యురేనియమును శుద్ధిచేయు సెంట్రిఫ్యూజులను అందులో నడుపుచుండిరి. బాంబు చొరకుండ కాంక్రీటు, పరుల కంప్యూటరు చొరకుండ బయటి ఇంటర్నెట్‌తో సంబంధమే లేని ఏర్పాటు. అయినను ఒక పురుగు లోపలికి పోయినది. అంగుష్ఠమాత్రమైన యూఎస్‌బీ పుల్లలమీద ఎక్కి ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు ప్రాకగల ఆ పురుగును బెలారుసు దేశపు మిన్స్కు నగరములోని ఒక చిన్న సంస్థ 2010 జూనులో మొదట పసిగట్టినది. దానికి స్టక్స్‌నెట్ అని పేరుపెట్టిరి.

దాని పనితీరు వినదగినది. సీమెన్స్ సంస్థవారి నియంత్రణ యంత్రములు కనబడిన చోటనే అది మేల్కొనును; అందులోను, నతాంజ్‌లోని అమరికకు సరిపోయిన చోటనే పనికి పూనుకొనును. సెకనుకు 1,064 ఆవృత్తుల విద్యుత్తుతో తిరుగవలసిన రోటరును కొంతసేపు 1,410కి పరుగెత్తించును, ఊరకుండును, కొన్ని వారములకు అమాంతముగా 2 ఆవృత్తులకు దించును, మరల యథాస్థితికి తెచ్చి ఏమియు ఎరుగనట్లు పడియుండును. ఇంత జరుగుచుండగా కంట్రోలు గదిలోని ఇంజనీరునకు ఏమి కనబడవలెను? సర్వము సవ్యము. యంత్రము సరిగా నడచిన వేళలోని అంకెలను ముందే పట్టి దాచియుంచుకొని, ధ్వంసము చేయుచున్న వేళ ఆ పాత అంకెలనే తెరమీద చూపించుట దాని నేర్పు. సెంట్రిఫ్యూజులు పగిలిపోవుచుండగా, ఇంజనీర్లు తమ తయారీనే శంకించియుందురు, తమ లోహమునే శంకించియుందురు, ఒకరినొకరు శంకించియుందురు. సుమారు 1,000 యంత్రములు ఆ విధముగా పాడైనవని పరిశీలకుల అంచనా. ఇది అమెరికా, ఇజ్రాయెల్ దేశముల సృష్టియని లోకమంతయు నమ్మినను, వారు నేటికిని అధికారికముగా ఒప్పుకొనలేదు. మనవారు ఆసక్తితో వినవలసిన మరియొక మాట: ఆ పురుగు తన గురి దాటి లోకమున వ్యాపించినప్పుడు, సిమాంటెక్ సంస్థవారి లెక్కలో ఇరాను, ఇండొనేషియాల పిదప మూడవ స్థానము భారతదేశమునదే.

ఇంత చిత్రమైన ఆయుధము ఇరానులో ప్రభుత్వమును మార్చినదా? లేదు. అణుకార్యక్రమమును కొంతకాలము వెనుకకు నెట్టినది. మిగిలినది యథాప్రకారము సాగినది. పైగా, దెబ్బతిన్న దేశము అదే విద్య తానును నేర్చుకొన్నది. కూలద్రోయుటకు కూటలేఖ చాలునని హైదరాలీ కథనుబట్టి ఎవరైనను తలచినచో, హైదరు వెనుక కత్తులు గల సైన్యము సిద్ధముగా నిలిచియున్నదని వారు మరచుచున్నారు. కేవలము కంప్యూటరు దాడిచేతనే ఒక ప్రభుత్వము కూలినట్లు నేటివరకు చరిత్రలో నేను ఎచ్చటను చూడలేదు.

దీపములార్పిన కథయు ఒకటి చెప్పుదును. 2015 డిసెంబరు 23న, ఉక్రెయిను దేశపు పశ్చిమ భాగమున ఒక విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయములో డ్యూటీలో నున్న ఉద్యోగి చూచుచుండగానే, ఆతని తెరమీద మౌసు బాణము, ఆతడు చేయి పెట్టకుండగనే, తనంతట తాను కదలి, ఒక్కొక్క సబ్‌స్టేషను బ్రేకరు బొమ్మమీద నిలిచి, దానిని తెరువసాగినది. ఆతడు మౌసును లాగుకొనజూచెను, అది వినలేదు. అతని సంకేతపదము కూడ మార్చబడి ఆతడు వెలుపల పడెను. వినియోగదారులు ఫిర్యాదు చేయుటకు వీలులేకుండ టెలిఫోనులకు దొంగకాల్స్ వరదవలె వచ్చినవి. కంట్రోలు గది యొక్క బ్యాటరీ ఆసరా కూడ ఆపివేయబడినది. సుమారు 2,25,000 మంది వినియోగదారులు చలికాలపు చీకటిలో మునిగిరి. ఇంత పకడ్బందీగా చేసిన పని ఎన్ని గంటలు నిలిచినది? ఒకటి మొదలు ఆరు. ఏలయన, ఆ దేశపు సబ్‌స్టేషనులు పాతవి. మనుష్యులు వాహనములెక్కి పోయి, బ్రేకరులను తమ చేతులతో మూసి, దీపములు వెలిగించిరి. ఆధునికత చాలలేదని మనము జాలిపడెడి ఆ పాత ఇనుపమీటలే ఆ రాత్రి ఉక్రెయినును కాపాడినవి.

దీనికి మారుముఖము వెనిజులాలో కనబడినది. 2019 మార్చి 7న, అధికారము ఎవరిదను వివాదము దేశమున తీవ్రముగా నున్న సమయమున, గురి జలవిద్యుత్కేంద్రమునుండి వచ్చు సరఫరా తెగిపోయి, దేశమంతయు దినముల తరబడి చీకటిలో నుండెను. ఆస్పత్రులలో రోగులు మరణించిరి. అధ్యక్షుడు మదురో, ఇది అమెరికావారి సైబరు దాడియని ఘోషించెను. సాక్ష్యము చూపలేదు. లైన్లక్రింద పెరిగిన పొదలు నరుకక, మరమ్మతులు చేయక, అనుభవజ్ఞులైన ఇంజనీర్లు దేశము విడిచిపోవ నూరకున్న ఫలమని ఆ శాస్త్రమెరిగినవారు చెప్పిరి. కనబడని శత్రువు ఉండుటలో పాలకులకు ఇట్టి సౌకర్యమొకటి కలదు: తమ అశ్రద్ధ నంతటిని ఆతని ఖాతాలో వ్రాయవచ్చును.

మన వాకిటికి వత్తము. 2017 మే 12వ తేదీ శుక్రవారమున, ఇంగ్లండులో ఆస్పత్రుల కంప్యూటరులు తాళము పడి రోగులను వెనుకకు పంపుచుండగా, ఆ దినములలోనే మన ప్రక్కనున్న చిత్తూరు జిల్లాతో పాటు కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 పోలీసు విభాగముల కంప్యూటరులు కూడ అదే తాళమునకు చిక్కినట్లు పత్రికలలో వచ్చినది. తెరమీద ఎఱ్ఱని పెట్టె. 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపమున చెల్లింపుమని తాఖీదు. ఆ తాళపు వంశవృక్షము చూడుడు. కంప్యూటరు లోపలి ఒక లొసుగును కనిపెట్టి, తయారీదారునకు చెప్పక, ఆయుధముగా దాచుకొన్నది అమెరికాలోని మరియొక గూఢచారిశాఖ. దానిని ఎవరో దొంగిలించి 2017 ఏప్రిలులో వీధిలో పారబోసిరి. దానిని ఏరుకొని వాడినది ఉత్తర కొరియా యని అమెరికా, బ్రిటనుల ఆరోపణ. మైక్రోసాఫ్టువారు మార్చిలోనే విడుదల చేసిన మాసికను వేసికొనకపోయినది ప్రపంచమునందలి అనేక కార్యాలయములు. ఇన్ని చేతులు మారి, ఎచ్చటి రాజ్యముల వైరమో, తిరుపతి ప్రాంతపు పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించుకొనుటకు వచ్చినవాని పనికి అడ్డు తగిలినది. వైరముతో మనకు సంబంధము లేకపోవుట మనకు రక్ష కాదు.

2020లో గల్వాను లోయలో మన సైనికులు చైనా సైనికులతో పోరాడి ప్రాణములర్పించిన పిదప, మన విద్యుత్ సంస్థలమీద ఆ దిక్కునుండి కన్నుపడినదని ఒక అమెరికా సంస్థ 2021 ఫిబ్రవరి చివర నివేదిక ప్రకటించినది. ఆ వెంటనే తెలంగాణ విద్యుత్ సంస్థలకు కేంద్రపు సైబరు రక్షణ విభాగము హెచ్చరిక పంపగా, వారు సంకేతపదములు మార్చి, అనుమానాస్పదమైన చిరునామాలను నిరోధించి, గండము గడిపిరి. చైనా ఈ ఆరోపణను త్రోసిపుచ్చినది. 2020 అక్టోబరు 12న బొంబాయి చీకటిపడుటకు కూడ ఇదియే కారణమని మహారాష్ట్ర మంత్రి అనుమానింపగా, అది మానవదోషమే గాని విద్రోహము కాదని కేంద్ర విద్యుచ్ఛాఖామంత్రి చెప్పిరి. ఒకే చీకటికి రెండు ప్రభుత్వములు రెండు కారణములు చెప్పు స్థితియే శత్రువునకు సగము విజయము.

అంతకంటె విచిత్రము 2025 మేలో జరిగినది. ఆపరేషన్ సిందూరు జరుగుచున్న ఆ నాలుగు దినములలో, పాకిస్తాను సైబరు దాడిచేత భారతదేశపు విద్యుత్ గ్రిడ్డులో నూటికి 70 పాళ్లు స్తంభించినదని ఒక వార్త ఫోనునుండి ఫోనునకు పరుగెత్తినది. ప్రభుత్వ పత్రికా సమాచార విభాగము అది శుద్ధ అబద్ధమని ప్రకటింపవలసివచ్చినది. ఆలోచింపుడు: ఆ వార్త చదివినవారు విద్యుద్దీపము క్రింద కూర్చుండి, విద్యుత్తుతో చార్జి చేసికొన్న ఫోనులో, విద్యుత్తు పోయినదని చదివి, నిజమేనేమోనని ఇతరులకు పంపిరి. గ్రిడ్డును ముట్టుకొనకయే గ్రిడ్డు కూలినంత కలవరము పుట్టింపవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఖండేరావు ఉత్తరమును చదివినప్పుడు ఆతని నాయకులు ప్రక్క గుడారములలోనే యుండిరి, పిలిచి అడుగలేదు.

అదే సంవత్సరము జూనులో ఇజ్రాయెల్, ఇరానుల మధ్య 12 దినముల యుద్ధము వచ్చినప్పుడు, ఈ విద్యలన్నియు ఒక్కచోట కూడినవి. 'వేటాడు పిచ్చుక' అను అర్థము గల పేరు పెట్టుకొన్న, ఇజ్రాయెల్‌తో సంబంధము కలదని పలువురు తలచు ఒక ముఠా, జూను 17న ఇరాను ప్రభుత్వపు సెపా బ్యాంకు సమాచారమును నాశనము చేసితిమని ప్రకటించినది. మరునాడు అచ్చటి క్రిప్టో నాణెముల వ్యాపారసంస్థనుండి దాదాపు 9 కోట్ల డాలర్ల విలువగల నాణెములను తీసి, ఎవ్వరును ఎన్నటికిని తెరువజాలని ఖాతాలలో పడవేసినది. దొంగయే సొమ్ము అనుభవింపని ఈ దొంగతనమునకు ఉద్దేశము వేరు: మీ ప్రభుత్వము మీ సొమ్ము కాపాడలేదని ప్రజలకు చెప్పుట. ఆ దినములలోనే ప్రభుత్వ టెలివిజను ప్రసారము నడుమ ప్రజలను వీధులలోనికి రమ్మను దృశ్యములు దూరినవి. ప్రజలు వచ్చి సింహాసనము దించిరా? దించలేదు. బాంబులు పడుచున్న ఊరిలో, ప్రభుత్వమును ద్వేషించువాడు కూడ ముందు తన బిడ్డల కొరకు చూచుకొనును. ఇరాను ప్రభుత్వము మాత్రము ఇంకొక పని చేసినది: శత్రువు చొరబడునను కారణము చెప్పి, తన దేశమంతట ఇంటర్నెట్‌ను తానే దాదాపు పూర్తిగా నిలిపివేసినది. ఊరువిడిచి పోవలెనో వలదో తెలిసికొనగోరిన గృహిణికి, మీట నొక్కినది శత్రువా, స్వప్రభుత్వమా అను భేదముతో ఏమి పని?

కనుక, ఈ ఆయుధముచేత ప్రభుత్వములు కూలునని మురియువారిని నమ్మవలదు, వణకువారిని నమ్మవలదు. పాలకులకును ప్రజలకును నడుమ నమ్మకము చచ్చిన చోట ఒక దొంగ ఉత్తరము చాలును. ఆ నమ్మకము బ్రతికియున్న చోట ఎంత గొప్ప పురుగైనను కొన్ని యంత్రములను పాడుచేసి ఊరకుండును. అబద్ధము బయటపడిన వెంటనే నిజమును దాచక చెప్పు ప్రభుత్వమే దుర్గము గల ప్రభుత్వము. 2019లో కూడంకుళము అణువిద్యుత్కేంద్రమున దుష్టప్రోగ్రాము ప్రవేశించినదను వార్త రాగా, అక్టోబరు 29న అటువంటిదేమియు లేదనియు, మరునాడే పరిపాలనా విభాగపు కంప్యూటరులో ఒకటి సోకినమాట నిజమేననియు రెండు ప్రకటనలు వెలువడినవి. రియాక్టరును నడుపు వ్యవస్థ వేరుగా నుండెనని, దానికి ఏమియు కాలేదని చెప్పినమాటను నేను శంకింపను. కాని మొదటి దినపు 'లేదు' అను మాట, రెండవ దినపు సత్యమును కూడ తేలిక చేసినది.

మన దేశమున చట్టములు లేకపోలేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము కలదు. దేశపు కీలక వ్యవస్థలను కాచుటకు ప్రత్యేక సంస్థ కలదు. ఏ సంస్థలోనైన దాడి జరిగినచో 6 గంటలలో తెలుపవలెనను 2022 నాటి ఉత్తర్వు కలదు. వీనిని గూర్చి విస్తరించి చెప్పుటకు నాకన్న తగినవారున్నారు. నేను చెప్పదలచినది ఈ ఊరివారికి దగ్గరి మాట. గనులు మూతపడిన పిదప మన బిడ్డలు తెల్లవారకముందే మారికుప్పము రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. వారి రైలు సిగ్నలు, వారి జీతము పడు బ్యాంకు, వారు టీకి చెల్లించు ఫోను, వారి పని యంతయు కనబడని తంత్రులమీదనే యున్నవి. ఆనాడు శివసముద్రపు తీగమీద ఆధారపడినది గని. నేడు ప్రతి ఇల్లును అట్టిదే. తేడా ఏమనగా, గనిలో పంపు ఆగినచో ఏమి చేయవలెనో, ఎవరు ఏ నిచ్చెనమీదుగా పైకి రావలెనో ముందే నేర్పియుండెడివారు. మన ఇండ్లకు అది ఎవరును నేర్పలేదు.

అందుచేత రెండు విన్నపములు చేసి ముగింతును. మొదటిది శ్రోతలకు: రెండు దేశముల నడుమ ఉద్రిక్తత పెరిగిన దినములలో ఫోనులోనికి వచ్చిన భయవార్తను, అది మీ కంటియెదుటనున్నదానికి విరుద్ధముగా ఉన్నప్పుడైనను, ఇతరులకు పంపకుడు, మీ సొమ్ము మోసముచేత పోయినచో ఆలస్యము చేయక 1930 నెంబరునకు ఫోను చేయుడు. రెండవది విద్యుత్ సంస్థల అధికారులకు: సబ్‌స్టేషనులలో కంప్యూటరు లేకుండ చేతితో నడుపగల మీటలను పాతబడినవని తీసి పారవేయకుడు, సంవత్సరమునకు ఒక్కసారియైనను, ఒక్క రాత్రియైనను, కంట్రోలు గది తెరలన్నియు ఆపివేసి, చేతులతోడనే సరఫరా నడిపించి చూడుడు, ఆ పని తెలిసిన పాత ఉద్యోగులు పదవీవిరమణ చేయకముందే క్రొత్తవారికి నేర్పించుడు.